జాలికి చిక్కనిది

చౌటుప్పల్ దాటినంక లారీల అడ్డా ఎనక
ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు.
గోదావరిఖని దిక్కు నుంచి బొగ్గొస్తది ఇక్కడికి,
పోయేటప్పుడు నూనె అయ్యి పోవాలె అని సారోళ్ల ఆశ.
ఇప్పటికైతే సీసాలల్లనే పోతున్నది.

నేను ఫిల్టరు కాడ. మూడో షిఫ్టు.

బొగ్గును పిండి పట్టి, నూనెల కలిపి,
హైడ్రోజను నింపి, బిగించి ఉడికిస్తరు.
నమ్మనోళ్లు వచ్చి చూడుండ్రి,
రాయసొంటిది జారుతది నల్లటి జావ లెక్క.
కరగనిది బూడిద.
భూమి కడుపుల బొగ్గుతోని పండుకున్న మన్ను,
మొకానికి పూసే పౌడరు కంటె సన్నం,
కంటికి దొరకది, జాలికి అడ్డం పడ్తది.

స్టీలు జాలి మీద తెల్లమట్టి పూత పూసి
జావను ఒత్తిడితోని నూకుతం.
పావుగంట మంచిగనే కారుతది.
అటెనక ముల్లు లేస్తది. మూడు. నాలుగున్నర. ఆరు.
ఆపుడు, విప్పుడు, గీకుడు, మళ్ల పూసుడు,
ఒక్క రాత్రి పదకొండు సార్లు.
గోర్ల సందుల తారు వాసన
ఆదివారం దాక పోదు.

ప్రభుదాసు సారు ఇంక సన్నటి జాలి తెప్పిద్దమన్నడు,
జర్మనీది, సెంటు జాగ ధర.
నేనన్న: సార్, మాది గట్టుప్పల్, నేతోళ్లం.
పోగులు దగ్గరైతె బట్ట గట్టిపడ్తది గని
దుమ్ము మానుతదా?
సందును చిన్నగ చేసుడు కాదు,
దుమ్మునే పెద్దగ చెయ్యాలె.

ఆయన నవ్వలే. ఆయనల అదే మంచిది.
రెండు వారాలు పెన్సిలు కొరికిండు.
ఒకనాడు జావను వెంటనే నూకకుండ
వేడి దిగనియ్యక, ఇంత స్పిరిటు చుక్క చుక్క పోసి,
రెండు గంటలు ఆపి ఉంచిండు.
సన్నటి బూడిద ఒకదాన్నొకటి పట్టుకున్నది
ఆఖరి బస్సు పోయిన జాతర జనం లెక్క.
గుంపులు గుంపులుగ జాలి మీద వాలి
నడుమ సందులిచ్చింది.
ఆ రాత్రి ముల్లు రెండు దాటలే.
రెండు సార్లే విప్పిన.

నాలుగింటికి సీసాల పట్టి ట్యూబులైటుకు పెట్టిండు సారు.
డికాషన్ రంగు. అవతల వేలు కనపడ్తున్నది.
"సూడు ఆండాలూ, ఎంత తేటగుందో!"

తేట.
ఆ మాటింటె నాకు మోకాళ్లు యాదికొస్తయి.
మా ఊరి బోరు నీళ్లు గూడ తేటనే,
గిలాసల పోస్తె ఉన్నయో లేవో తెల్వకపోవు.
అమ్మ తను నేసిన బట్టనే మూడు మడతలేసి వడపోసేది,
పోగు పోగుకు లెక్క తెలిసిన మనిషి.
పురుగు రాలే, నలుసు రాలే.
ఫ్లోరైడొచ్చింది.
కరిగినదాన్ని బట్ట పట్టది.
తమ్ముడు భిక్షం పన్నెండేండ్లకే
మగ్గం గుంటల కాళ్లు పెట్టలేకపాయె.

ఎప్పటికో డ్రమ్ములల్ల పటికె, సున్నమేసి తిప్పి
ఆపి ఉంచుడు నేర్పిండ్రు.
అది గూడ ఇసొంటి పనేనంట, సారు చెప్పిండు:
పట్టుకునెతందుకు దానికేదన్న ఇచ్చుడు.
మా ఇంటికి ఆలస్యంగ ఇచ్చిండ్రు.

సారు సీసాకు మూత పెడ్తున్నడు.
ఇండ్ల కరిగి పోయిందేమన్న ఉన్నదా సార్?
గంధకం ఉంటది, అన్నడు. ఇంకేందేందో ఉంటయి.
దానికి జాలి పనికిరాదు, అది వేరే లెక్క.
ఎవరు చూస్తరు ఆ లెక్క?
ఆయన బయటికి చూసిండు.
ఫిల్టరు కడిగిన నీళ్లు, తొట్టిల తేరుకున్నయి,
కాల్వ పట్టి వాగు దిక్కు పోతున్నయి.

రిజిస్టర్ల రాసిన:
ఒత్తిడి రెండు. వేడి రెండొందల అరవై. ధార మంచిగున్నది.
రిమార్కుల గడిల ఆయన చెప్పినట్టే, తేట.

ఆరింటికి షిఫ్టు దిగి
కాల్వ నీళ్లొక సీసాల పట్టిన.
మూత బిగించి, టిఫిన్ డబ్బా పక్కన
సంచిల పెట్టుకున్న.